అర గిగాబైటు పక్కకు జరిపినందుకు

ఉద్యోగ జ్ఞాపకాలు రాసేవాళ్లకు కనీసం తల నెరిసి ఉండాలి. నాకు ఇరవై తొమ్మిదేళ్లు. నెరిసిన వెంట్రుకలు నాలుగే ఉన్నాయి, అవి కూడా ఇప్పుడు చెప్పబోయే బుధవారం నాడు వచ్చినవే. మలక్‌పేటలో ఆరేళ్లు పనిచేసిన కంపెనీ నుంచి పోయిన ఏడాది బయటికొచ్చాను. వీడ్కోలుకు శాలువా కప్పలేదు, జ్ఞాపిక ఇవ్వలేదు. తలా రెండు సమోసాలు పెట్టి, నా ఐడీ కార్డు గుంజుకున్నారు. ఆ కుర్చీ మటుకు నేను రిటైరైనట్టే.

ఈ మధ్య ఆ కుర్చీలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఇద్దరు ఫోన్ చేశారు. "అన్నా, మెమరీ కోడ్‌ల 'ఈ అంకెను ముట్టుకోవద్దు' అని పెద్దగ రాసిపెట్టి పోయినవ్. ఎందుకు?" అని అడిగారు. ఫోన్లో చెబితే నా తప్పును నేనే సగానికి తగ్గించి చెబుతాను. రాస్తే చదివినవాళ్లు మళ్లీ వెనక్కి తిప్పి చూసుకోవచ్చు. అందుకే రాస్తున్నాను.

మా ఆఫీసు రేస్ కోర్సు దగ్గర ఒక మూడంతస్తుల బిల్డింగులో ఉండేది. కింద కళ్లద్దాల దుకాణం, మధ్యలో ట్యూషన్ సెంటరు, పైన మేం పదకొండు మందిమి. మేం చేసేది వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్, అంటే ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను నడిపించే పని. లోపలి దాన్ని గెస్టు అంటాం. పాత కంప్యూటర్ చచ్చిపోతుంది, దాంట్లో నడిచిన సాఫ్ట్‌వేర్ లేకపోతే పని జరగదు, ఆ సాఫ్ట్‌వేరేమో కొత్త కంప్యూటర్లో ఎక్కదు. అట్లా ఇరుక్కున్నవాళ్లే మా దగ్గరికి వచ్చేవాళ్లు. రక్తపరీక్షల ల్యాబులు, లారీలు తూచే కాంటాలు, చిన్న చిన్న డీటీపీ సెంటర్లు. వాళ్ల పాత కంప్యూటర్‌ను ఉన్నదున్నట్టు గెస్టుగా మార్చి కొత్త దాంట్లో కూర్చోబెట్టేవాళ్లం. తాను గెస్టునని గెస్టుకు తెలియదు. తెలియకుండా చూడటమే మా ఉద్యోగం.

మా నాన్నకు బర్రెలున్నాయి. నేనేం పని చేస్తానో ఒకసారి ఆయనకు చెప్పాల్సి వచ్చింది.

"లేని కంప్యూటర్‌ను ఉన్నదని నమ్మిస్తవా?"

"అవ్ బాపు."

"ఎవల్ని నమ్మిస్తవ్?"

"ఆ కంప్యూటర్‌నే."

బాపు గడ్డిమోపు ఎత్తుకున్నాడు. "మా బర్రెలు గట్ల నమ్మితే నాకు మస్తు నిమ్మళముండు" అని గడ్డి వేయడానికి పోయాడు. ఇంతవరకు నా పని గురించి ఎవరూ ఇంతకంటే బాగా అర్థం చేసుకోలేదు.

ఆ నమ్మించే పనిలో నా వాటా గెస్టు మెమరీ. టెక్నికల్ సంగతి ఈ ఒక్కచోటే ఉంటుంది, ఓపిక పట్టండి. గెస్టుకు నాలుగు గిగాబైట్ల మెమరీ ఇచ్చామనుకోండి. ఆ నాలుగూ ఒకే వరుసలో ఉండవు. చిరునామాల వరుసలో, నాలుగు గిగాబైట్ల గీతకు కాస్త ముందు, కొంత జాగా వదిలేయాలి. స్క్రీన్ కార్డు, నెట్‌వర్క్ కార్డు లాంటివాటి చిరునామాలు అక్కడుంటాయి. అందుకని మెమరీలో మొదటి మూడు గిగాబైట్లు గీతకు ఇవతల, ఆ తర్వాత వదిలేసిన జాగా, మిగిలిన ఒక గిగాబైటు గీతకు అవతల. గల్లీలో కొన్ని ఇళ్లు, మధ్యలో సర్కారు జాగా, మళ్లీ కొన్ని ఇళ్లు ఉన్నట్టు. గెస్టు మొదటిసారి లేచినప్పుడు ఈ పటం దాని చేతికిస్తాం. పటం చూసి అది తన సామాను ఎక్కడేం పెట్టుకోవాలో పెట్టుకుంటుంది. మళ్లీ పటం అడగదు.

మేం వదిలే జాగా ఒక గిగాబైటు. కార్డులకు దాంట్లో పావు కూడా పట్టదు. ఇంత జాగా వృథాగా పోతుంటే నాకు కడుపు తరుక్కుపోయింది. సగానికి కోసేశాను. ఇప్పుడు ఇవతల మూడున్నర, అవతల అర. చిన్న గెస్టులు ముక్కలు కాకుండా ఒకే వరుసలో వచ్చేస్తాయి, నాలుగు లెక్కలు తగ్గుతాయి, కోడు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. నా ముచ్చట ఎవరూ అడగలేదన్నది వేరే సంగతి.

మా దగ్గర ఒకరు రాసింది ఇంకొకరు చదివి ప్రశ్నలు రాయాలి. నాది చదివేది ఒక సీనియర్. ఆయన్ని నేను భాయ్ అనేవాణ్ని. నాకంటే పద్దెనిమిదేళ్లు పెద్ద. కోడు మీద ఆయన రాసే వ్యాఖ్యలు టెలిగ్రాముల్లా ఉండేవి. నా మార్పు మీద ఒక్క ముక్క రాశాడు: "పండుకున్న గెస్టుల సంగతేంది?"

మా సాఫ్ట్‌వేర్‌లో గెస్టును ఆపేయకుండా పడుకోబెట్టొచ్చు. బటన్ నొక్కితే దాని మెమరీ అంతా మొదటినుంచి చివరిదాకా ఒక ఫైలులోకి ఎక్కుతుంది. మర్నాడు ఆ ఫైలును మళ్లీ మెమరీలో పోస్తే, గెస్టు నిన్న ఎక్కడ వదిలిందో అక్కడినుంచే అందుకుంటుంది. పాత పటంతో పడుకున్నవి కొత్త పటంలో ఎట్లా లేస్తాయన్నదే భాయ్ ప్రశ్న. నేను దానికింద ఒక బొటనవేలి బొమ్మ పెట్టి, 'పరిష్కారమైంది' అని మూసేశాను. అప్‌డేట్ వేసుకునేముందు అందరూ గెస్టును షట్‌డౌన్ చేస్తారు కదా అని నా ధీమా. అట్లా చేయమని అప్‌డేట్ నోటులో ఆరో పాయింటుగా రాశాం. ఆరో పాయింటు దాకా చదివిన మనిషిని నేనింతవరకు చూడలేదు. నేనూ చదవను.

భాయ్‌కి జ్వరమొచ్చి రెండు రోజులు రాలేదు. కంపెనీ నడిపే మా సార్ 'భాయ్ చూసిండు గద' అని ఓకే అనేశాడు. సోమవారం అప్‌డేట్ వెళ్లిపోయింది. మంగళవారం ఏ గొడవా లేదు. నన్ను నేను రెండుసార్లు మెచ్చుకున్నాను.

బుధవారం పదకొండింటికి సపోర్టులో పనిచేసే అమ్మాయి ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది. "నీకే. మాదన్నపేట డీటీపీ అక్క. లొల్లి చేస్తలేదు, మెల్లగ మాట్లాడుతుంది. గందుకే భయమైతుంది."

"చెప్పండక్కా."

"బాబూ, పొద్దుగాల్ల మీ అప్‌డేట్ ఏసి లేపిన. లేస్తలేదు. నల్లగైతుంది, మళ్ల ఒక డబ్బా వస్తుంది. 'నిద్రాణస్థితిని పునరుద్ధరించలేకపోయాము. దానిని తొలగించి కొత్తగా ప్రారంభించమంటారా' అని అడుగుతుంది. అవును, కాదు అని ఉన్నయ్. ఏది నొక్కాలె?"

ఆ డబ్బాలో వాక్యం నేను రాసిందే. నిద్రాణస్థితి అన్న మాట దొరికినప్పుడు ఆ పూటంతా ఆఫీసులో తలెత్తుకుని తిరిగాను.

"ఇప్పటిదంక ఏం నొక్కిర్రు?"

"తొలగించుడు ఎందుకని 'కాదు' నొక్కిన. మళ్ల గదే డబ్బా. మళ్ల 'కాదు' నొక్కిన. మళ్ల గదే. ఇంకోసారి నొక్కాల్నా?"

నొక్కండి అనబోయాను. అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ల కింద, పాడైన నిద్ర ఫైళ్లతో డిస్కు నిండిపోతోందని ఒక ల్యాబువాళ్లు గొడవ చేస్తే, మూడుసార్లు లేపినా లేవని ఫైలును దానంతటదే తీసేసేలా రాశాను. మూడో 'కాదు'కు అర్థం 'అవును'. అది కూడా నా చేతి చలవే.

"అక్కా, ఏం నొక్కకండి. మౌస్ గూడ ముట్టుకోకండి."

"సరే."

"కీబోర్డు మీద ఏం పడకుండ చూస్కోండి."

"పెద్ద పళ్లెం బోర్లిస్త."

పళ్లెం చప్పుడు వినిపించాక అడిగాను. "ఒకవేళ కొత్తగ మొదలువెడితే ఏమన్న నష్టమా అక్కా? పని సేవ్ చేసుకునే ఉంటరు గద?"

అప్పుడు చెప్పింది. ఆమె అక్షరాలు కూర్చే సాఫ్ట్‌వేర్ చాలా పాతది. దానికి వేలెడంత యూఎస్‌బీ తాళం ఉంటుంది. తాళం గుచ్చి ఉంటేనే తెరుచుకుంటుంది. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. జూన్‌లో కప్పు కారి ఆ తాళం తడిసి చచ్చిపోయింది. ఆ సాఫ్ట్‌వేర్ తాళాన్ని తెరిచేటప్పుడు ఒక్కసారే అడుగుతుంది, తర్వాత అడగదు. తాళం చచ్చిన వేళకు అది తెరిచే ఉంది.

"అప్పటిసంది మూయలే బాబూ. రోజు సాయంత్రం పండుకోబెడుత, పొద్దుగాల్ల లేపుత. నాలుగు నెలలాయె. సేవ్ జేసిన ఫైళ్లున్నయ్, కని అవి దాంట్లనే తెరుసుకుంటయ్. అది మూస్తే అన్ని మూసినట్టే."

కంప్యూటర్ ప్రపంచంలో నిద్ర అంటే తాత్కాలికమైన ఏర్పాటు. ఈవిడ దానిమీద నాలుగు నెలలు సంసారం నడిపింది.

"ఏం పని అక్కా అది?"

"మా చర్చి పాటల పుస్తకం."

అచ్చులో ఉన్న పాటలు కావట. వాళ్ల చర్చిలో ముసలమ్మలు పాడుకునేవి, తల్లుల దగ్గర నేర్చుకున్నవి, ఎక్కడా రాసిలేనివి. ఒక్కొక్కరినీ పిలిచి, పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి పాడించుకుంటూ అక్క టైపు చేసింది. తప్పుంటే వాళ్లు మళ్లీ పాడేవాళ్లు, ఈమె తెర మీదే దిద్దేది. అందరికంటే ఎక్కువ పాటలు వచ్చిన పెద్దమ్మ పోయిన నెల చనిపోయింది. కోత పండుగ మూడు వారాల్లో ఉంది, శుక్రవారానికల్లా పేజీలు ప్రెస్సుకు చేరాలి.

"కాయితం మీద ఏం లేవా?"

"మొదటి అరవై పేజీలున్నయ్. పెద్దమ్మ పాడినయన్ని తర్వాతియే. ఒక్కటేసారి ప్రింటు తీద్దమని ఆగిన."

ఇట్లాంటి చోట ఏదైనా ఉరమాలి, మెరవాలి. మలక్‌పేటలో ఎండ ఫెళ్లుమంటోంది, కింద ట్యూషన్ పిల్లలు పన్నెండో ఎక్కం అప్పజెబుతున్నారు. నేను భాయ్ టేబుల్ దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను.

"నేను అడిగిన గదా, పండుకున్నోళ్ల సంగతేందని?"

"అడిగినవ్ భాయ్."

"నువ్ ఏమన్నవ్?"

"బొటనవేలు పెట్టిన."

"ఏదీ, ఆ వేలు చూపించు మియా. ఒకసారి చూసి పెట్టుకుంట, తర్వాత ఉంటదో ఉండదో." అంటూనే డ్రాయరు లోంచి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ తీశాడు. "చల్, స్కూటర్ తియ్. ముందుగాల నకలు తీస్కుందం. ఫికర్ తర్వాత చేద్దం."

దారిలో వెనక కూర్చుని లెక్క చెప్పాడు. పాత పటంలో, గీతకు అవతలున్న ఒక గిగాబైటులో మొదటి సగం ఇప్పుడు ఇవతలికి వచ్చి కూర్చుంది. మిగిలిన సగం దాని స్థానంలోకి జరిగింది. "ఒక్క అక్షరం పోలే. అంత అర గిగాబైటు పక్కకు జరిగింది, గంతే. గెస్టు కండ్లు తెరిచి ఎప్పటి జాగల చెయ్యివెట్టింది. అక్కడ వేరేటోళ్ల సామానుంది. దిమాక్ ఖరాబై కూలవడ్డది. మా గల్లీల కార్పొరేషనోళ్లు కొత్త డోర్ నంబర్లు ఏసిర్రు. పాత నంబర్ ఎవలన్న చెరిపేసిర్రా? రెండూ గేటు మీదనే ఉన్నయ్. ఎందుకు? పాత నంబర్ మీద ఉత్తరం రాసేటోడు ఇంక బతికే ఉన్నడు గనక."

జ్ఞానోదయం కావలసిన చోటే. కానీ మా ముందున్న ఆటో సడన్ బ్రేకు వేసింది, నేను దాని సంగతి చూసుకున్నాను.

అక్క డీటీపీ సెంటరు మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనక సందులో ఒక్క గది. యాభై దాటిన మనిషి, మెడలో తాడుకు వేలాడే కళ్లద్దాలు. కంప్యూటర్ ముందు చేతులు కట్టుకుని కూర్చుంది. కీబోర్డు మీద పళ్లెం, పళ్లెం మీద బరువుకు ఒక పాత బైబిలు. తెర మీద నా డబ్బా.

"మీరేనా ఈ డబ్బా పంపినోళ్లు?"

భాయ్ నా వైపు చూశాడు. దాచే పని పెట్టుకోలేదు. "నేనే అక్కా. మెమరీ సదిరిన. గందుకే లేస్తలేదు."

"ఎందుకు సదిరినవ్?"

"శుభ్రంగ ఉంటదని."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "మా ఆడిబిడ్డ గిట్లనే. వచ్చినప్పుడల్ల నా వంటిల్లు సదురుతది. పోయినంక వారం రోజులు నాకు ఉప్పు దొరకది."

ఏ బటనూ నొక్కకుండా గెస్టు డిస్కునూ నిద్ర ఫైలునూ హార్డ్‌డిస్కులోకి ఎక్కించడం మొదలుపెట్టాం. నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలు ఆమె తెర వైపు చూస్తూనే ఉంది, నేను ఆమె వైపు చూడకుండా ఉన్నాను. ఒకసారి మాత్రం అడిగింది. "రాకపోతే సీదా చెప్పు బాబూ. ఇగ వస్తది, అగ వస్తది అని తిప్పకు. పాస్టరయ్యకు నేను చెప్పుకోవాలె."

"చెప్త అక్కా" అన్నాను. ఆ మాట తర్వాత ఆ రోజు నేను ఒక్క జోకూ వేయలేదు.

నకలు చేతికొచ్చాక ల్యాపుటాపు తెరిచి, వదిలే జాగాను మళ్లీ ఒక గిగాబైటు చేసేశాను. ఎక్కడ తప్పు చేశానో అక్కడే వెనక్కి తిప్పాను, ఒక్క నిమిషం పని. భాయ్ నా భుజం మీద తట్టాడు.

"సోమవారం సంది కొత్త పటం మీద పండుకున్నోళ్లున్నరు. వాళ్లను ఇప్పుడు నువ్ కూలగొడుతున్నవ్. ఈ అక్కకైతే అయితది, రేపు ఇంకో అక్క పళ్లెం బోర్లిస్తది."

నిజమే. పాతవాళ్లకు పాత పటం, కొత్తవాళ్లకు కొత్త పటం ఉండాలి. ఎవరు ఏ పటంతో పడుకున్నారో ఎట్లా తెలుస్తుంది? నిద్ర ఫైలు మొదటి వరుసలో, దాన్ని రాసిన మా సాఫ్ట్‌వేర్ ఎన్నో వెర్షనో ఉంటుంది. ఎన్నడూ ఎవరూ వాడని ఆ అంకెను అక్కడ ఉండనివ్వాలని భాయ్ ఏళ్ల కింద పట్టుబట్టాడట, నేను చేరకముందు. ఆ సంగతి ఆ రోజు కూడా ఆయన చెప్పలేదు. ఫైలు తెరిచి వేలితో అంకె చూపించాడు, అంతే. అంకె పాతదైతే పాత పటం, కొత్తదైతే కొత్తది; మళ్లీ పడుకోబెట్టినప్పుడు కూడా ఫైలులో అదే అంకె రాయాలి. ఇరవై వరుసలు రాశాను. నకలును ల్యాపుటాపులో లేపాం.

నల్లగా వచ్చింది.

డబ్బా రాలేదు. ఇంకేమీ రాలేదు. ఉత్త నలుపు. అర నిమిషం, నిమిషం. "లేవలే" అన్నాను. చెప్తానని మాట ఇచ్చాను కదా, అక్క వైపు తిరిగి నోరు తెరిచాను కూడా.

ఆమె నన్ను పట్టించుకోకుండా, "ఇది నకలే గదా? నేను ముట్టుకోవచ్చునా?" అని భాయ్‌ని అడిగింది. ఆయన తల ఊపాడు. అక్క ల్యాపుటాపు తన వైపు తిప్పుకుని, నల్లటి తెర మీద చూపు పెట్టి ఒక కీ నొక్కింది. ఏం లేదు. ఇంకోటి నొక్కింది. ల్యాపుటాపు లోంచి 'టుంగ్'మని ఒక మొద్దు చప్పుడు.

"బతికే ఉన్నది" అంది.

"ఎట్లా తెలుసక్కా?"

"గిది మా దాని అరుపే. ముందుగాల 'క' కొట్టిన, ఊకున్నది. మీదికెళ్లి గుడి ఇచ్చిన, ఊకున్నది. గుడి మీద మళ్ల కొమ్ము ఇచ్చిన. ఒక్క అక్షరానికి రెండు ఇస్తే ఒప్పుకోదు, అరుస్తది. ఇరవై ఏండ్లసంది నా మీద గిట్లనే అరుస్తుంది." ఇంకోసారి కొట్టి చూపించింది. టుంగ్.

ముగ్గురం ఆ చప్పుడును పాటలా విన్నాం. గెస్టు లేచింది. సాఫ్ట్‌వేర్ తెరిచే ఉంది. వింటోంది, తప్పులు పడుతోంది, జవాబిస్తోంది. కనబడటం లేదంతే. కంప్యూటర్ చదువు చదివిన నేను దాన్ని పాడెక్కించబోయాను, ఈవిడ చెవితో నాడి పట్టింది.

ఆ తర్వాత తప్పు దొరకడానికి పది నిమిషాలు పట్టలేదు. మెమరీకి పాత పటం ఇచ్చాను కానీ స్క్రీన్ కార్డును కొత్త పటంలోనే మర్చిపోయాను. గెస్టు పాత అలవాటు కొద్దీ మూడు గిగాబైట్ల దగ్గర బొమ్మ గీస్తోంది. మేం మూడున్నర దగ్గర నిలబడి బొమ్మ లేదని ఏడుస్తున్నాం. ఒక వరుస మార్చాను. ఈసారి నకలును లేపిన క్షణంలోనే తెల్లటి పేజీ, దానిమీద నల్లటి తెలుగు అక్షరాలు, ఒక వరుస మధ్యలో మిణుకుమంటూ కర్సరు.

"దీన్ల కాదు. నా దాన్ల చూపెట్టు" అంది అక్క. నకలు మీద ఆమెకు నమ్మకం లేదు. న్యాయమే.

ఆమె కంప్యూటర్లో నా డబ్బాను ఏ బటనూ నొక్కకుండా లోపలినుంచే చంపి, దిద్దిన సాఫ్ట్‌వేర్ ఎక్కించాం. ఈసారి కూడా లేవకపోతే ఆ ఫైలు దానంతటదే పోతుంది. నకలు భాయ్ సంచిలో ఉందని తెలిసినా నా వేలు మౌస్ మీద కాసేపు నిలబడిపోయింది. అక్కే పళ్లెం తీసి పక్కన పెట్టి, తన చేత్తో నొక్కింది.

లేచింది.

మంగళవారం సాయంత్రం వదిలిన చోటే. 'మూసీ దాటి వచ్చినోళ్లం, మోయలేని మూటలోళ్లం' అని ఒక వరుస, దానికింద సగం వరుస. అక్క కళ్లద్దాలు పెట్టుకుంది. ఏడుస్తుందేమోనని నేను కిటికీ వైపు తిరిగాను. వెనకనుంచి కూనిరాగం వినిపించింది. తర్వాతి మాట ఏదో పాడుకుంటూ వెతుకుతోంది. రెండుసార్లు వెనక్కి వెళ్లి మళ్లీ అందుకుంది, మూడోసారి మాట దొరికింది. కీలు టకటకమన్నాయి. సగం వరుస నిండింది.

"పెద్దమ్మ ఇక్కడ కొంచెం గుంజి పాడేది" అంది, ఎవరికో తెలియదు.

తర్వాతి సంగతులు మీ పనికొచ్చేవి కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. గురువారం అందరికీ సరిచేసిన అప్‌డేట్ పంపాం. అక్కలాగా గెస్టును పడుకోబెట్టి అప్‌డేట్ వేసుకున్నవాళ్లు ఇంకో ముగ్గురు తేలారు. ముగ్గురూ మూడో 'కాదు' దాకా రాలేదు, నా అదృష్టం. మూడుసార్లకు ఫైలు తీసేసే కోడును తీసేశాను. ప్రతి గెస్టు మీదా అది మొదట ఏ పటం చూసి లేచిందో రాసిపెట్టేలా మార్చాం. ఎన్ని వెర్షన్లు వచ్చినా దానికి ఆ పటమే. కోడు నేను సదరకముందుకంటే రెండింతలు పొడుగైంది, చూడ్డానికి ఏ ముచ్చటా లేదు. ఇప్పుడు మీరు చదువుతున్నది అదే. దాన్ని చూసి మీ చేతులు దురద పెడతాయని తెలుసు. నావీ పెట్టాయి. ఆ వృథా జాగా వెనక ఎవరో కూర్చుని పాట వెతుక్కుంటున్నారని అనుకోండి, దురద కొంచెం తగ్గుతుంది. పూర్తిగా తగ్గితే నాకు ఫోన్ చేయండి, వైద్యం ఏమిటో నేనూ తెలుసుకుంటాను.

ఆ మధ్యాహ్నం మేం వెంటనే వెళ్లిపోలేదు. ప్రింటు అంతా అయ్యేదాకా ఉండమంది అక్క. అడగటం కాదు, స్టూలు చూపించింది. పెద్దమ్మ కూర్చున్న స్టూలు అదేనేమో, అడగలేదు. రెండు వందల పైచిలుకు పేజీలు. ప్రింటరు పది పేజీలకోసారి కాగితం మింగేది. భాయ్ కాగితాలు అంటుకోకుండా విడదీసి ప్రింటరులో పెట్టాడు, నేను వచ్చిన పేజీలు వరుస తప్పకుండా దొంతి పెట్టాను. వరుస పెట్టే పని నాకు ఇచ్చినందుకు భాయ్ నవ్వుతూనే ఉన్నాడు. సాయంత్రం అయిదున్నరకు చివరి పేజీ వచ్చింది. అక్క దొంతిని రెండు చేతులతో పైకెత్తి, బరువు చూసి, గుడ్డలో మూట కట్టింది.

"ఇగ ఆ సాఫ్ట్‌వేర్ బంద్ చేసినా ఫరక్ లేదక్కా. కాయితాలు చేతికొచ్చినయ్" అన్నాను.

"బందెందుకు చేస్త? రేపు ఇంకో అవ్వ వస్తనన్నది. పెద్దమ్మకు రాని పాటలు ఆమెకు పన్నెండు వస్తయంట. వస్తయో, పోటీకి అన్నదో, రేపు తెలుస్తది."

పడుకోబెట్టే బటన్ నొక్కింది. తెర కింద ఆకుపచ్చ పట్టీ మెల్లగా నిండుతోంది. నాలుగు గిగాబైట్లు, మొదటినుంచి చివరిదాకా. ఆ బటన్ వెనక కోడు రాసిన మనిషిని నేనే అయినా, పట్టీ నిండేదాకా అక్కడినుంచి కదల్లేదు. నిండింది. తెర ఆరిపోయింది.

"అక్కా, ఒక్కసారి మళ్ల లేపి చూద్దమా? ఊకెనే, నా నిమ్మళానికి."

ఆమె అప్పటికే దీపం ఆర్పి తాళంచెవి చేతిలోకి తీసుకుంది.

"ఇప్పుడే పండుకున్నది. ఎందుకు లేపుతవ్? రేపు పొద్దుగాల్ల నేను లేపుత. నువ్ పోయి అన్నం తిను."